ఒప్పుకుంటే ఊరుకోరు

సాయంత్రం టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీ వదిలే వేళకి హైవే పక్క టీ బడ్డీ దగ్గర ఓ పాత స్కూటరు ఆగుతుంది. దిగేది రావివలస సైన్సు మాస్టారు. రిటైరయ్యారు గానీ పాఠం ఆగలేదు. ఉద్దానంలో చర్చి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. మాస్టారి చేతిలో బైబిలు ఉండదు. అది కనబడితే కుర్రాళ్లు వచ్చిన బస్సు ఎక్కేస్తారని ఆయనకి అనుభవం. జేబులో మాత్రం ఓ జీడిపిక్క ఉంటుంది.

విలియం పేలీ అనే ఇంగ్లీషు పాదిరీ 1802లో గడియారం చూపించి, దీన్ని చేసినవాడు ఉన్నట్టే సృష్టికీ ఒకడున్నాడని వాదించాడు. పలాస పక్కనుండి గడియారం దేనికి, జీడిపిక్క చాలదా అన్నది మాస్టారి సవరణ.

"చూడండ్రా బావూ, పళ్లకి పిక్క లోపలుంటాది. దీనికి బయటుంది. ఎవరూ ఆలోచించకుండానే ఏలాడిందేటి?"

"ఎవరూ ఆలోచించకపోబట్టే బయట వేలాడుతోందండీ" అన్నాడు మెకానికల్ కుర్రాడు.

పలాస పిల్ల అంతటితో వదల్లేదు. వాళ్లమ్మ పిక్కలు కొట్టే పనికెళ్తుంది. బూడిద రాసుకుని కొట్టినా తొక్కలోని జీడి అంటుకుని వేళ్లు నల్లబడతాయి, తోలు లేచిపోతుంది. "ఆ జీడి కూడా దేవుడు ఆలోచించే పెట్టాడా మాస్టారూ?"

"అది లేకపోతే పురుగులు పిక్కని బతకనివ్వవమ్మా."

"మా అమ్మ పురుగు కాదు కదండీ."

మాస్టారు వెంటనే ఇంకో రౌండు టీ చెప్పారు. దెబ్బ తగిలినప్పుడల్లా టీ చెప్పడం ఆయన పద్ధతి. ఆ పూట ఎన్నిసార్లు ఓడారో బడ్డీవాడి ఖాతా చూస్తే తెలిసిపోతుంది.

సొంతూరు కూడా ఆయనకి కలిసిరాదు. రావివలస ఎండల మల్లన్న కప్పులేని దేవుడు. అంత పెద్ద లింగమూ ఎండకీ వానకీ అలాగే నిలబడి ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి చర్చి రేకులు లేచిపోయాక మాస్టారు చందా పుస్తకం పట్టుకు తిరిగితే, "మల్లన్న కప్పే వద్దన్నాడు, మీ దేవుడికి రేకులెందుకండీ?" అన్నారు కుర్రాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వింది మాస్టారే. నవ్వి, చందా పుస్తకం తెరిచి వాళ్ల ముందే పెట్టారు.

ఈ కుర్రాళ్లూ తక్కువేం కాదు. దేవుడికి ఆధారం అడిగే చేతికి ఎర్రతాడు ఉంటుంది. సప్లీ రాసేముందు మల్లన్న దర్శనం తప్పదు. ప్లేస్‌మెంట్లు వస్తాయన్న కాలేజీ మాటకి మాత్రం ఎవరూ ఆధారం అడగరు.

"అనుమానం పాపం కాదర్రా" అంటారు మాస్టారు. "సంప్రదాయం ప్రకారం మన దేశానికి మొదట వచ్చిన శిష్యుడు తోమా. గాయంలో వేలు పెడితే గానీ నమ్మనన్న మనిషి. ఏరికోరి అలాంటోణ్ణే పంపారు మనకి." గోరా అంటే ఆయనకి మరీ ఇష్టం. ఆ నాస్తికుడు పుట్టింది ఎక్కడో కాదు, మన ఎగువన గంజాంలో, ఛత్రపురంలో, 1902లో. క్రీస్తు చరిత్ర రాసి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకున్న జాషువా గోరాకి వియ్యంకుడు. జాషువా కూతురు హేమలత గోరా కొడుకు లవణం భార్య. ఆ వియ్యాలవారి విస్తళ్ల దగ్గర ఎలాంటి వాదన నడిచుంటుందో ఊహించుకుంటూ మాస్టారు టీ చల్లారబెట్టుకుంటారు. నాకైతే ఆయనకి పరలోకం కంటే ఆ పంక్తిలో చోటే ముఖ్యమనిపిస్తుంది.

ఒక్క ప్రశ్నకి మాత్రం టీ చెప్పరు. కవిటి నుంచి వచ్చే అబ్బాయి అడుగుతాడు: ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్లు ఏం పాపం చేశారండీ? "తెలీదు నాయనా" అంటారు. ఆ జబ్బుకి కారణం ఇన్నేళ్లయినా డాక్టర్లకీ ఇదమిత్థంగా తేలలేదు కదా అని ఎదురు అడగొచ్చు. ఆ పాయింటు ఆయన వాడగా నేను చూడలేదు.

ఆదివారం చర్చిలో ఆయన ఏం చెప్పినా ఆమేన్ అంటారు. సోమవారం ఆ స్కూటరు అంత జోరుగా రావడానికి అదే కారణం.

పోయిన సెమిస్టర్లో ఘోరం జరిగింది. మెకానికల్ కుర్రాడు గ్లాసు పక్కన పెట్టి, "ఆలోచించానండీ, మీరు చెప్పిందే రైటనిపిస్తోంది" అన్నాడు. మాస్టారి మొహం మాడిపోయింది.

"ఏటి రైటు? 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక పేలీ గడియారం ఏమయిందో చూశావా? ఆ పిల్ల జీడి గురించి అడిగితే నేను సరిగ్గా చెప్పానా? స్టెప్పులు లేకుండా ఆన్సరు రాస్తే మార్కులేస్తారేటి నీకు?"

మర్నాడు గోరా పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. "శనివారానికి చదివొచ్చి నన్ను ఓడించు."

కుర్రాడు పుస్తకం బ్యాగులో వేసుకున్నాడు. "పరీక్షలయ్యాక మానేస్తానండీ నమ్మడం. ఇప్పుడు మానేస్తే సప్లీలు ఉండిపోతాయి."