అర ఆకలికి అర ప్లేటు

చాయ్‌ని వన్ బై టూ చేసి ఇచ్చే మన హోటళ్లలో దోసెని మాత్రం ఎవరూ వన్ బై టూ చెయ్యరు. బిర్యానీకి ఫుల్, జంబో, ఫ్యామిలీ ప్యాక్ అంటూ పైకెక్కే మెట్లే గాని దిగే మెట్లుండవు. సింగిల్ అన్నదే ఇద్దరు పెద్దవాళ్లు తిన్నాక ఇంకా మిగులుతుంది. ఇక మీల్స్ సంగతి చెప్పక్కర్లేదు. పెద్దాయన ‘చాలు నాయనా’ అని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే సర్వరు వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తాడు. పోనీ పక్కనున్న ఆవిడతో పంచుకుందామంటే, ఒక మీల్స్ ఇద్దరు తినరాదని క్యాష్ కౌంటరు పైన, దేవుడి పటం పక్కనే బోర్డు.

వయసు మీద పడేకొద్దీ కండ తగ్గుతుంది, తిరుగుడు తగ్గుతుంది, ఒంటికి కావలసిన కేలరీలూ తగ్గుతాయి. మాంసకృత్తుల అవసరం మాత్రం తగ్గదు. కనుక తగ్గించాల్సింది అన్నం గుట్టని, పప్పు గిన్నెని కాదు. మినీ మీల్స్ పేరుతో ముందు పప్పుకే కోత పెట్టే యజమానులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

అద్దె, గ్యాసు, మాస్టరు జీతం సగం దోసెకి సగమవుతాయా అంటారు వాళ్లు. కావు, నిజమే. అందుకే సగానికి ముప్పావు ధర తీసుకోండి. ఎనభై రూపాయల దోసెలో సగానికి అరవై ఇవ్వడానికి పెద్దవాళ్లు సిద్ధమే. మిగిలింది పార్సిల్ కట్టించుకోవచ్చుగా అంటారు ఇంకొందరు. ఇల్లు చేరేసరికి ఆ దోసె సాగి సాగి పెట్టుడు పళ్లకి పరీక్ష పెడుతుంది, డబ్బా ఖర్చు అదనం. 2017లో కేంద్రమంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ హోటళ్లలో వడ్డన పరిమాణం గురించి మాటెత్తితే, మా కంచంలో ఢిల్లీ పెత్తనమేమిటని గోల లేచింది. బలవంతమేమీ లేదని ఆయనే చెప్పుకోవలసి వచ్చింది. నిజానికి దీనికి చట్టమెందుకు? సింగిల్ ఇడ్లీ, సింగిల్ వడ ఏ చట్టం చూసి పుట్టాయి?

అమెరికాలో డెన్నీస్ లాంటి చోట్ల 55 దాటినవాళ్లకి వేరే మెనూ ఉంది. మనకది పనికిరాదు. ఇక్కడైతే ఆధార్ జిరాక్స్ అడుగుతారు. పైగా జుట్టుకి రంగేసుకున్నవాళ్లు పస్తయినా ఉంటారు గాని ‘వృద్ధుల ప్లేటు’ తెమ్మని నోరు విప్పరు. కుర్రాళ్లూ హాఫే అడుగుతారేమో అంటారా? అడగనివ్వండి, వాళ్లు రెండు హాఫ్‌లు తింటే లాభం మీకే. మెనూ కార్డు మళ్లీ అచ్చు వేయించేటప్పుడు ధరలెలాగూ పెంచుతారు. ఆ చేత్తోనే ‘హాఫ్’ అని ఒక గడి కూడా వేయించండి.