12 కిలోల పరీక్ష

కత్తిసాములో ఫాయిల్ అనే విభాగం ఆడేవాళ్ల ముఖానికి కాపలా కాసే మాస్క్‌ని నేను. ముందంతా స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ, గడ్డం కింద దిట్టమైన గుడ్డ. పోటీకి ముందు నన్ను తనిఖీ బల్ల మీద పెట్టి, మొనదేలిన ఉక్కు కడ్డీతో 12 కిలోల ఒత్తిడి పెట్టి పొడుస్తారు. కంత విచ్చుకుంటే నన్ను బరిలోకి రానివ్వరు. ఆ పోటు పడ్డప్పుడల్లా వ్లాదిమిర్ స్మిర్నోవ్ తలపుకొస్తాడు. నేను తయారయ్యేనాటికే ఆయన లేడు. అయినా మా జాతి కథ మలుపు తిరిగింది ఆయన దగ్గరే.

1954లో ఉక్రెయిన్‌లోని రుబిజ్నెలో పుట్టి, సోవియట్ జట్టుకి ఆడాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఫాయిల్ వ్యక్తిగత స్వర్ణం, జట్టు రజతం, ఆపైన ఎపే అనే మరో కత్తి విభాగంలో జట్టుతో కాంస్యం. ఇందులో ఆ కాంస్యమంటేనే నాకు ఎక్కువ అబ్బురం. ఫాయిల్‌లో మొండేనికి తగిలితేనే పాయింటు, అదీ దాడి చేసే హక్కు ఎవరిదో తేల్చాక. ఎపేలో తల నుంచి పాదం దాకా ఎక్కడైనా పొడవచ్చు, ముందు తగిలించినవాడిదే పాయింటు. ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదానికి అంత తేలిగ్గా లొంగదు. మరుసటి ఏడు ఫాయిల్‌లో ప్రపంచ విజేత కూడా అయ్యాడు.

1982 జులైలో రోమ్‌లో ప్రపంచ పోటీలు. ఎదుట పశ్చిమ జర్మనీ ఆటగాడు మథియాస్ బేర్. ఇద్దరూ ముందుకు దూకిన క్షణంలో బేర్ కత్తి విరిగింది. విరిగిన కొస స్మిర్నోవ్ మాస్క్ జాలీని చీల్చుకుని, కంటి గూటిలోంచి మెదడు దాకా వెళ్లింది. కొద్దిరోజులకే ఆయన కన్నుమూశాడు. అప్పటికి 28 ఏళ్లు. బేర్ తప్పేమీ లేదు, ఆట ఆడినట్టే ఆడాడు. ఆ దుఃఖం మాత్రం ఆయన్ని దశాబ్దాలపాటు వెంటాడింది. కాపాడాల్సిన మాస్క్ కాపాడలేకపోయింది. మాస్క్‌గా పుట్టిన నాకు అంతకు మించిన బాధ ఏముంటుంది?

ఆ చావు తరవాతే రక్షణ నియమాలు గట్టిపడ్డాయి. పెద్ద పోటీల్లోకి మారేజింగ్ స్టీలు కత్తులొచ్చాయి. నికెల్ ఎక్కువ, కార్బన్ బాగా తక్కువ ఉండే ఆ ఉక్కులో పగులు పుట్టినా పాకడానికి చాలాసేపు పడుతుంది. అంతర్జాతీయ పోటీల్లో ఆటగాళ్ల దుస్తులు 800 న్యూటన్ల పోటుని, నా మెడగుడ్డ 1600 న్యూటన్ల పోటుని తట్టుకోవాలి. జాలీ తీగ మందం మిల్లీమీటరుకి తగ్గకూడదు. మాస్కో పతకాలు రికార్డు పుస్తకాల్లో ఉంటాయి. స్మిర్నోవ్‌కి దక్కిన అసలు కీర్తి మాత్రం ఈ కొలతలేనని నేను నమ్ముతాను. పిల్లలకి మాస్క్ పెట్టుకోవడం నేర్పేటప్పుడు కోచ్‌లు ఆయన పేరు కూడా చెప్పాలి.

కత్తులు ఇప్పటికీ విరుగుతూనే ఉన్నాయి. మొన్నొక పోటీలో ఎదుటి అమ్మాయి కత్తి విరిగి, కొస నా జాలీకి తగిలి పక్కకి జారిపోయింది. రిఫరీ ఆట ఆపి నన్ను తిప్పి తిప్పి చూశాడు. ఆ అమ్మాయి ఇంకో ఫాయిల్ తెచ్చుకుంది. నన్ను పెట్టుకున్న పిల్ల ఆ తరవాతి పాయింటు గెలిచింది.