లఘువును గూర్చిన గురుచర్చ

ఒక వెబ్ దుకాణపు పుటలో కుడిమూలనున్న బుట్ట బొమ్మ ప్రక్కన 3 అను అంకె యున్నదనుకొనుడు. కొనువారు మరియొక చీర నెంచుకొని మీట నొక్కినతోడనే ఆ అంకె 4 కావలెను. అదే క్షణమున చెల్లింపు పుటలోని మొత్తము కూడ మారవలెను. చీర బొమ్మ క్రిందనున్న మీటపై బుట్టలో చేరినదను మాట కనబడవలెను. మూడు చోట్ల నొక్కటే సత్యము పలుకవలెననెడి యీ చిన్న కోరికయే, ఫ్రంట్ ఎండ్ శిల్పులు స్టేట్ అను పేర పిలుచుచు, తన్నిర్వహణమునకై ఏటికొక లైబ్రరీని వరించుచు, సమావేశములు జరుపుచు, చిరకాలమైత్రులను సైతము చెడగొట్టుకొనుచున్న మహాసమస్య.

రియాక్ట్ 2013లో ఫేస్‌బుక్ వారి యింటినుండి వెలువడిన నాటనుండి ఈ సమస్య కొక కుటుంబరూపము సిద్ధించినది. విలువ తల్లి కాంపొనెంటు (అనగా పుటలోని యొక భాగము) నొద్ద నుండును. ఆమె దానిని బిడ్డకు ప్రాప్స్ రూపమున నందించును. దూరపు దాయాదు లిరువురకు నొకే విలువ కావలసినచో, దానిని ఉభయుల మూలస్థానమున నుంచి, అచటినుండి నాలుగైదు తరములవారి చేతులమీదుగా దింపవలెను. నడిమి తరములవారికి దానితో పనియేమియు లేకున్నను మోయక తప్పదు. వృత్తిలోనివారు దీనిని ప్రాప్ డ్రిల్లింగ్ అని నిట్టూర్చుదురు.

ఈ బాధ తీర్చుటకు 2014లో ఫ్లక్స్ అను విధానమును, 2015లో డాన్ అబ్రమోవ్, ఆండ్రూ క్లార్క్ అను వారిరువురి కృషిఫలముగా రిడక్స్ అను లైబ్రరీయు వచ్చినవి. రిడక్స్ సిద్ధాంతము నిర్మలమైనది. యావత్తు అప్లికేషనునకు స్టోరొక్కటియే. దానిని తిన్నగా నెవ్వరును ముట్టరాదు. మార్పు కోరువాడు యాక్షనును డిస్పాచ్ చేయవలెను. రిడ్యూసరు అను శుద్ధమైన ఫంక్షను పూర్వస్థితిని, వచ్చిన యాక్షనును పరికించి నూతనస్థితిని ప్రసాదించును. జరిగిన మార్పులను వరుసగా వెనుకకు త్రిప్పి చూచు వైభోగము కూడ దీనివలననే లభించినది. ఇంతటి నిర్మలత్వమునకు చెల్లింపవలసిన మూల్యము, అంకెకు ఒకటి కూడుటకై నాలుగు ఫైళ్లు తెరచుట మాత్రమే. 2016లో అబ్రమోవ్ మహాశయుడు తానే, మీకు రిడక్స్ అక్కరలేకపోవచ్చునని యొక వ్యాసము వ్రాసెను. కర్తయే వారించినను భక్తులు వినలేదు. అమీర్‌పేట శిక్షణాలయములో రియాక్టుతోపాటు రిడక్సును కంఠస్థము చేసిన కుర్రవాడు, హైటెక్ సిటీలో నుద్యోగము దొరికిన మొదటి వారముననే, రెండు పేజీల దరఖాస్తు ఫారమునకు సైతము స్టోరు ప్రతిష్ఠ చేయుట కులాచారమైపోయెను.

అతియైన బరువునకు ప్రతిక్రియగా లాఘవయుగము ప్రారంభమైనది. 2019లో రియాక్టునకు హుక్కులు వచ్చినవి. ఆ సంవత్సరమే జుస్టాండ్ అను చిన్న లైబ్రరీ వచ్చినది. మరుసటియేట జోటై వచ్చినది. రిడక్స్ వారును ఊరకుండక టూల్‌కిట్ అను పేర నాలుగు ఫైళ్లను ఒకటిగా మడిచి యిచ్చిరి. రియాక్ట్ పుట్టిన యింటనే పుట్టిన రీకాయిల్ అను లైబ్రరీ మాట వేరు. దాని కులగోత్రములు విచారించి కండ్లు మూసికొని కన్యాదానము చేసినవారు పెక్కురు గలరు. పాపము, అది 1.0 అను సంఖ్యనైనను చూడకయే 2025 జనవరిలో ఆర్కైవునకు చేరినది. ఇక జుస్టాండ్ వర్గీయులు, జోటై వర్గీయులు, వాల్టియో అను మరియొక లైబ్రరీ వర్గీయులు పరస్పరము చేసికొను ఖండనమండనములను వినువారు, ఇవి మూడును బద్ధశత్రువుల సంస్థానములని భ్రమింతురు. జోటై, వాల్టియోలను నిర్మించి, జుస్టాండ్ పోషణభారమును కూడ వహించుచున్నవాడు డైషి కాటో అను శిల్పి యొక్కడే. ఆయన మాత్రము తనతో తాను కలహించుచున్న జాడలేదు.

ఇట్టి లైబ్రరీ నెన్నుకొను సమావేశము చూడదగినది. "సర్, జుస్టాండ్ జిజిప్ చేశాక కేబీకి అటూ ఇటూ ఉంటుంది," అని యొకడు మనవి చేయును. "నానోస్టోర్స్ మూడు వందల బైట్లలోపు నుంచే మొదలవుతుంది సర్," అని యింకొకడు పైకెత్తు వేయును. టీమ్ లీడు గంభీరముగా గడ్డము నిమురుకొని, "గిట్‌హబ్‌లో స్టార్లెన్ని?" అని యడుగును. ఆరువందల బైట్ల కొరకై ఆర్గురు విద్వాంసులు ఒక అపరాహ్ణమెల్ల వెచ్చింతురు. వారు కట్టుచున్న పుటలో రియాక్ట్ డామ్ ఒక్కటియే కుదించిన పిదపను 40 కిలోబైట్లకు పైమాట. మొదటి తెరపై నవ్వుచున్న నటీమణి ఛాయాచిత్రము రెండు మెగాబైట్లు. మార్కెటింగు వారు వేయించిన ట్రాకర్ స్క్రిప్టుల బరువు నడిగినవాడు లేడు. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ నగలన్నియు తక్కెడలో పోసి యోడిపోగా, రుక్మిణి యొక్క తులసీదళముతో నెగ్గినదని వినియున్నాము. ఇచ్చట నగలరాశి తక్కెడ కెక్కకయే యొక మూల పడియుండగా, తులసీదళములను మాత్రము వరుసగా పేర్చి, వానిలో నేది తేలికయో తేల్చుటకు కంసాలి త్రాసు తెప్పింతురు.

లైబ్రరీనుండి తొలగింపబడిన బరువు లోకమునుండి తొలగిపోవునని వీరి విశ్వాసము కాబోలు. అది నేరుగా వాడువాని నెత్తిపై కూర్చుండును. జుస్టాండ్ స్టోరునుండి కావలసిన ముక్కను మాత్రమే సెలెక్టరుతో తీసికొనక, యావత్తు స్టోరును చేతబట్టిన కాంపొనెంటు, ఏ మూల నేది మారినను రీ-రెండర్ అగుచుండును. సెలెక్టరు వ్రాసితినిగదా యని నిశ్చింతగా నుండి, అందులో ప్రతిసారి క్రొత్త ఆబ్జెక్టును నిర్మించి యిచ్చువానికి, అయిదవ వెర్షనులో అంతులేని పునరావృత్తి ప్రాప్తించి పుట కుప్పకూలును; యూజ్‌షాలో అను రక్షరేకు కట్టవలసివచ్చును. అసలు లైబ్రరీయే వలదని రియాక్టులోని కాంటెక్స్టు నాశ్రయించిన విరాగికి, అందులోని విలువ మారినప్పుడెల్ల దానిని చదువు వారందరును ఒక్కుమ్మడిగా మేల్కొందురను సంగతి తరువాత తెలియును.

ఇంతకన్న రమ్యమైనది సర్వరు ముచ్చట. స్టోరును మాడ్యూలు స్థాయిలో, అనగా అందరకు నొక్కటిగా, సృష్టించుట ఈ లఘు లైబ్రరీలలో నతిసులభము. బ్రౌజరులో నిది దోషము కాదు, ఏలయన అచట ఏలిక యొక్కడే. అదే కోడు పుటను సర్వరుపై సిద్ధముచేయు నెక్స్ట్ జేఎస్ వంటి చోటికి పోయినపుడు ప్రాసెస్ ఒకటి, వాడుకరులు వేలు. రాజమహేంద్రవరమున నొక యమ్మ బుట్టలో వేసికొన్న పట్టుచీర వరంగల్లులో నొక విద్యార్థి బుట్టలో ప్రత్యక్షము కాగలదు. రిక్వెస్టు కొక్కొక్క స్టోరును వేరుగా సృష్టింపుడని లైబ్రరీవారు తమ పత్రములలో స్పష్టముగా వ్రాసియే యున్నారు. వానిని చదువుటకు మాత్రము ఆ స్ప్రింటులో పాయింట్లు కేటాయింపబడలేదు.

వీరు స్టోరులో నింపుచున్న పదార్థమును గూర్చి యెవరును ప్రశ్నింపకుండుట నాకు మిక్కిలి ఆశ్చర్యము. సర్వరునుండి వచ్చిన చీరల జాబితా స్టేటు కాదు; అన్యుల సొత్తునకు మనయొద్దనున్న నకలు. అది యెప్పుడు పాతపడునో, ఎప్పుడు మరల తెప్పింపవలెనో చూచుకొనుటకు టాన్‌స్టాక్ క్వెరీ వంటి సాధనము లున్నవి. ధరల వడపోత, పేజీ సంఖ్య, వెదకిన మాట, ఇవన్నియు చిరునామాపట్టీలో నుండదగినవి. అచట నున్నచో లింకు పంపించినవానికిని అదియే దృశ్యము కనబడును. ఫారములో టైపు చేయుచున్న యక్షరములు ఆ ఫారమునకు చెందినవి. ఇవి యెల్ల తమ తమ యిండ్లకు పోయిన పిదప స్టోరులో మిగులునది బుట్ట సంఖ్య, లాగిన్ అయినవారి పేరు, రాత్రి రంగా పగటి రంగా యను నొక్క ఎంపిక. మహా అయిన మరి రెండు మూడు. వీని నే లైబ్రరీ యైనను మోయగలదు.

అడిగినవారికి నా తీర్పు చెప్పెదను. రియాక్టులోని యూజ్‌స్టేట్ హుక్కుతో మొదలిడుడు. దూరపు కాంపొనెంట్లు పంచుకొను విలువలు తరచుగా మారుచున్నపుడు జుస్టాండ్ చాలును. ఇరువదిమంది యొకే కోడుపై చేయి వేయుచు, ఎవరు దేనిని మార్చిరో జాడ తీయవలసిన చోట రిడక్స్ టూల్‌కిట్ వాడుటకు సిగ్గుపడనక్కరలేదు. దాని అదనపు కిలోబైట్లు అచట ధర్మవ్యయమే. తరువాతి సమావేశమునకు పోవు ముందుగా, అయ్యలారా, ఆ నటీమణి ఛాయాచిత్రమును కొంచెము కుదింపుడు.