దూదిపుల్ల చేసిన హత్యలు

"తప్పు చేయనివాడికి భయమెందుకండీ?" టీవీ చర్చల్లో ఈ ముక్క అనని రిటైర్డ్ పోలీసు అధికారిని చూపిస్తే సన్మానం చేయొచ్చు. వీధి కెమెరాలప్పుడు అన్నారు, వేలిముద్రలప్పుడు అన్నారు, ఇప్పుడు డీఎన్‌ఏ వంతు. నోట్లో దూదిపుల్ల తిప్పడానికి నిమిషం పట్టదు, నొప్పి ఉండదు, పైగా డీఎన్‌ఏ సాక్షాత్తూ సత్యహరిశ్చంద్రుడాయె! ఇవ్వనన్నావంటే నీ మనసులో ఏదో ఉన్నట్టే.

ఆ హరిశ్చంద్రుడి సంగతి జర్మనీ పోలీసుల్ని అడగాలి. 2007 ఏప్రిల్‌లో హైల్‌బ్రాన్ ఊళ్లో ఇరవై రెండేళ్ల మహిళా పోలీసును కాల్చి చంపారు. ఆమె కారు మీద దొరికిన డీఎన్‌ఏని రికార్డులతో పోలిస్తే ఒక ఆడమనిషిది అని తేలింది. ఆవిడ సామాన్యురాలు కాదు. 1993 నాటి ఒక హత్యలో ఉంది. సగం కొరికి పారేసిన బిస్కెట్ మీద ఉంది. మత్తుమందు సిరంజి మీద ఉంది. దొంగిలించిన కార్లలో ఉంది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ కలిపి నలభై చోట్ల దాకా ఆవిడ ఆనవాళ్లే. ఆచూకీ చెబితే మూడు లక్షల యూరోలన్నారు. పట్టుబడ్డ దొంగలు "మాతో ఆడమనిషి ఎవరూ లేరు మొర్రో" అని మొత్తుకున్నారు. డీఎన్‌ఏ ఉందంటుంటే దొంగల మాట ఎవడు వింటాడు?

విచిత్రమేమిటంటే ఆవిడ బవేరియా వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. ఎందుకో 2009లో తెలిసింది. కాలిపోయిన ఒక మగమనిషి శవం ఎవరిదో తేల్చడానికి అతని పాత దరఖాస్తు మీది వేలిముద్రల్లోంచి డీఎన్‌ఏ తీస్తే, అక్కడా ఆవిడే! మగవాడి కాగితంలోకి ఈవిడెలా దూరిందని అప్పుడు బుర్రలు గోక్కున్నారు. నమూనాలు తీసే దూదిపుల్లల్ని ప్యాక్ చేసే కార్మికురాలు ఆవిడ. బవేరియా పోలీసులు తమ దూదిపుల్లలు వేరే చోట కొనుక్కునేవాళ్లు. అంతే కథ. ఆ మహిళా పోలీసుని చంపిన అసలు హంతకులు నయా నాజీ ముఠావాళ్లని 2011లో గానీ బయటపడలేదు. పుల్లలు సర్దుకున్న తల్లి ఏ తప్పు చేసింది? యూరప్ అంతా ఆవిడకోసమే వెతికింది.

అక్కడంటే పొరపాటు. పొరపాటు కానిది కూడా ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకామె తన మీద అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసి, నేరస్తుణ్ణి పట్టుకోవడానికని తన డీఎన్‌ఏ ఇచ్చింది. పోలీసు ల్యాబ్ దాన్ని భద్రంగా దాచింది. ఏళ్ల తర్వాత దాని ఆధారంగానే ఆవిణ్ణి ఒక ఆస్తి నేరం కేసులో అరెస్టు చేశారు. 2022 ఫిబ్రవరిలో జిల్లా అటార్నీ చెసా బౌడిన్ ఈ సంగతి బయటపెట్టి కేసు ఎత్తేశాడు. ఫిర్యాదు చేయడమే ఆవిడ చేసిన తప్పన్నమాట.

ఇక మనం ఇవ్వకపోతేనేం, మన చుట్టాలు ఇస్తారు. కాలిఫోర్నియాని గడగడలాడించిన హంతకుడు డిఏంజెలో 2018లో దొరికింది అలాగే. అతనెక్కడా తన డీఎన్‌ఏ ఇవ్వలేదు. జెడ్‌మ్యాచ్ అనే సైటులో తాతముత్తాతల్ని వెతుక్కుంటున్న దూరపు బంధువులు తమది పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి పోలీసులు పెళ్లిళ్ల పేరయ్యలాగా అటు నాలుగు తరాలు ఇటు నాలుగు తరాలు లాగి పట్టుకున్నారు. పట్టుకోవడం మంచిదే, కాదనను. (దొరికినవాడు మాజీ పోలీసు కావడం మన రిటైర్డ్ అధికారికి ఎవరైనా చెప్పాలి.) హత్యలకీ అత్యాచారాలకీ మాత్రమే వాడనిస్తామన్న సైటు, ఏడాది తిరగకుండానే యూటాలో ఒక దాడి కేసుకి తలుపు తీసింది. జనం గొడవ చేస్తే, ఒప్పుకున్నవాళ్ల వివరాలే చూపిస్తామంది. ఫ్లోరిడా డిటెక్టివ్ ఒకడు కోర్టు వారంటు పట్టుకొచ్చి, ఒప్పుకోనివాళ్లతో సహా మొత్తం గాలించాడు.

మన దగ్గరికొద్దాం. ఈ విద్యలో మనమేం వెనకబడలేదు. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ కట్లపాము డీఎన్‌ఏ ముక్కతో మనుషుల ఆనవాళ్లు తీసి చూపించాడు. వెనకబడ్డది చట్టంలో. ల్యాబులకు గుర్తింపు ఉండాలి, వాటి మీద ఒక నియంత్రణ బోర్డుండాలి అన్న డీఎన్‌ఏ బిల్లుని 2019లో లోక్‌సభలో పెట్టి, స్థాయీసంఘానికి పంపి, 2023లో వెనక్కి తీసుకున్నారు. నమూనాలు తీసుకోమనే చట్టం మాత్రం 2022లోనే చకచకా అమల్లోకొచ్చింది. కాపలాదారు రాలేదు గానీ బీరువా వచ్చేసింది.

ఆ బీరువాలో రికార్డు 75 ఏళ్లుంటుంది. ఇరవై అయిదేళ్ల కుర్రాడి రికార్డు అతని నూరో పుట్టినరోజు దాకా చెక్కుచెదరదు. పాత శిక్షలేవీ లేనివాడు నిర్దోషిగా బయటపడితే చెరిపేస్తారట, అప్పీళ్లన్నీ అయిపోయాక. మన కోర్టుల్లో అప్పీళ్లు అయిపోయేసరికి ఆ 75 ఏళ్లే ముందు పూర్తయినా ఆశ్చర్యం లేదు.

చట్టంలో ఒక మినహాయింపూ ఉంది లెండి. నేరం స్త్రీల మీదో పిల్లల మీదో కాకుండా, శిక్ష ఏడేళ్లలోపుదైతే, అరెస్టయినవాడు రక్తం, లాలాజలం ఇచ్చి తీరాలనేం లేదు. ధర్నాలో దొరికిపోయి, రాత్రి పదకొండింటికి స్టేషన్ బెంచీ మీద కూర్చున్న కుర్రాడు లేచి నిలబడి, "సార్, సెక్షన్ 3 ప్రకారం నాకా అవసరం లేదండి" అని ఎస్సైగారికి విడమరచి చెప్పాలి. ఎస్సైగారు "అవునా బాబూ, గుర్తుచేశావు" అని దూదిపుల్లని మళ్లీ డబ్బాలో పెట్టేయాలి.