స్లైడర్ మేయర్ల విద్యా సంస్కరణలు

1989లో విల్ రైట్ తయారుచేసిన, ఊరు కట్టే కంప్యూటర్ ఆట మొదటి సిమ్‌సిటీలో మేయర్‌కి, అంటే ఆడేవాడికి, అణు విద్యుత్ కేంద్రం ఉండేది. స్టేడియం, ఓడరేవు, విమానాశ్రయం ఉండేవి. ఊరు మరీ ప్రశాంతంగా ఉందనిపిస్తే జనం మీదికి వదలడానికి ఒక రాకాసి జంతువు కూడా ఉండేది. బడి మాత్రం లేదు. కడదామనుకున్నా కట్టే మీట లేదు. అయినా జనం వచ్చారు, ఇళ్లు కట్టుకున్నారు, పన్నులు కట్టారు, ట్రాఫిక్‌ని తిట్టుకున్నారు. ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 1993లో సిమ్‌సిటీ 2000 వచ్చి ఊళ్లో బడి తెరిచింది. ఆ రోజు నుంచి మేయర్ గారికి చదువు మీద శ్రద్ధ మొదలైంది. ఆ శ్రద్ధ ఏ పాటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

బడితో పాటే ఈక్యూ అనే అంకె వచ్చింది. ఎడ్యుకేషన్ కోషెంట్ అట. పిల్లలు బడికెళితే అది పెరుగుతుంది, కాలేజీకెళితే ఇంకా పెరుగుతుంది, వయసు మీద పడేకొద్దీ తరుగుతుంది. ఆ తరుగుదలకు అడ్డుకట్ట లైబ్రరీలు, మ్యూజియంలు. అంటే లైబ్రరీ ఉన్నది పుస్తకాల కోసం కాదు, నాన్నగారి బుర్ర తుప్పు పట్టకుండా చూడటానికి. మన శాఖా గ్రంథాలయాల్లో ఉదయాన్నే పేపరు కోసం పోటీపడే రిటైర్డ్ ఉద్యోగులను చూసినవాళ్లెవరూ ఈ సూత్రాన్ని కాదనలేరు. అంతవరకు ఆట తయారుచేసినవాళ్లకు నమస్కారం.

గొడవంతా 2003లో వచ్చిన సిమ్‌సిటీ 4తో మొదలైంది. అందులో ఏ బడి మీద నొక్కినా ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమందికి చోటుంది, బడికి వచ్చిన గ్రేడెంత, అన్నీ అందులో కనిపిస్తాయి. కింద రెండు స్లైడర్లు: ఒకటి చోటుకయ్యే ఖర్చు, రెండోది బస్సుల ఖర్చు. ఈ రెండు మీటలు చేతికందిన క్షణం నుంచి ఆటగాళ్లలో ఒక కొత్త తెగ పుట్టింది. వీళ్లను స్లైడర్ మేయర్లందాం.

స్లైడర్ మేయర్ దినచర్య ఇది. బడి కడతాడు. కట్టగానే ఆటను పాజ్‌లో పెడతాడు. బడి మీద నొక్కుతాడు. పిల్లలు 412 మంది, చోటు ఇంకా చాలా ఉంది. అతని ప్రాణం విలవిల్లాడుతుంది. ఖాళీ బెంచీకి డబ్బు పోతోందే! పాలు పొంగుతుంటే స్టవ్ తగ్గించే ఇల్లాలి ఒడుపుతో స్లైడర్‌ను ఎడమకు జరుపుతాడు. చోటు అంకె దిగుతుంది, దిగుతుంది, 415 దగ్గర ఆగుతుంది. ముగ్గురు పిల్లలకు మాత్రం తలుపు తెరిచి ఉంచి, ఇక ఎవరూ పుట్టరన్న ధీమాతో తర్వాతి బడికి వెళతాడు. ఊళ్లో ఎన్ని బడులుంటే అన్నిటికీ ఇదే వైద్యం. నెలాఖరుకు బడ్జెట్‌లో మిగులు కనబడగానే తనను తాను గొప్ప పాలకుడనుకుంటాడు. కొత్తగా ఆడేవాళ్లకు మొదట బోధించేదీ ఈ విద్యే.

ఇక్కడ ఒక సందేహం అడగాలి. 415 అనే అంకె దేన్ని కొలుస్తోంది? ఆ డబ్బు తగ్గిస్తే బడిలో ఏం తగ్గింది? ఒక టీచర్‌ను తీసేశారా? తరగతి గదికి తాళం వేశారా? మరుగుదొడ్డి ఊడ్చే ఆయాను మానిపించారా? ఆట చెప్పదు. మేయర్ అడగడు. ఆ కిటికీలో చోటు ఉంది, బస్సు ఉంది, గ్రేడు ఉంది. పాఠం లేదు, సిలబస్ లేదు, మాధ్యమం లేదు, దీర్ఘకాలిక సెలవులో ఉన్న లెక్కల మాస్టారు లేడు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు లేదు. మన దగ్గర ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అన్న ప్రశ్న మీద హైకోర్టు దాకా వెళ్లారు. సిమ్‌సిటీ పిల్లలు ఏ భాషలో చదువుతారో ఇంతవరకు ఒక్క మేయర్‌కీ అనుమానం రాలేదు.

కానీ ఊరన్నాక ఊరుకోదు కదా. మేయర్ గారే పక్క వీధిలో ఇళ్ల జోన్ గీస్తారు, అక్కడ అపార్టుమెంట్లు లేస్తాయి, వాటిలో పిల్లలుంటారు. 415 చోట్ల బడికి అంతకు మించి వస్తారు. గ్రేడు పడిపోతుంది. మేయర్ చూడడు, ఎందుకంటే అప్పుడాయన ఫ్లైఓవర్ కడుతుంటాడు. మరి కొన్నాళ్లకు టీచర్లు సమ్మెకు దిగుతారు. అప్పుడాయన ఆశ్చర్యం చూడాలి! తన వేలు జరిపిన స్లైడరే సమ్మెకు కారణమని ఆయనకు తట్టదు. ఆటలో ఏదో లోపం ఉందంటాడు. టీచర్లెప్పుడూ ఇంతే అంటాడు. తర్వాత స్లైడర్‌ను ఒక మెట్టు కుడికి జరిపి, సమ్మె విరమింపజేసిన ఘనత కూడా తన ఖాతాలోనే వేసుకుంటాడు. ఇంత పొదుపు చేసిన మేయర్, ఆ సమ్మె నెలల్లో చదువు ఆగిన పిల్లల లెక్క మాత్రం ఏ ఖాతాలోనూ వేయడు. వేయడానికి ఆటలో ఆ ఖాతా లేదు.

బస్సు స్లైడర్ కథ వేరు. దానికి డబ్బు పెంచితే బడి చుట్టూ వృత్తం పెద్దదవుతుంది, తగ్గిస్తే చిన్నదవుతుంది. వృత్తం లోపల ఇల్లుంటే ఆ ఇంటి పిల్లలకు బడి ఉన్నట్టు. బయట ఉంటే లేనట్టు. మధ్యలో కాలువ ఉందా, రైలు గేటు ఉందా, ఆరు వరుసల హైవే ఉందా అన్నది వృత్తానికి పట్టదు. పక్క బడి వృత్తంతో తన వృత్తం అతుక్కుంటే మేయర్‌కి ఒళ్లు మండుతుంది: ఒకే వీధికి రెండు బడులా! వెంటనే కోత.

ఆటను చూసి నవ్వే ముందు మన మ్యాప్‌ను కూడా ఒకసారి చూడాలి. 2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం రాసిన నమూనా నియమాల్లో ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలని ఉంది. అది పిల్లవాడి వైపు నుంచి గీసిన దూరం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117తో బడుల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు అదే కిలోమీటరును హైస్కూలు వైపు నుంచి గీసి, ఆ లోపలి ప్రాథమిక బడుల్లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలపడం మొదలుపెట్టారు. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేటు ముందు కూర్చున్నారు, మా పిల్లలు హైవే ఎలా దాటుతారని అడిగారు. ఆ ప్రశ్నకు మ్యాప్ దగ్గర జవాబు లేదు. స్లైడర్ మేయర్లకు ఆటలో ఉన్న అతిపెద్ద సౌకర్యం ఇదే: వృత్తం బయట పడిన తల్లి వచ్చి గేటు ముందు కూర్చోదు.

2015లో ఫిన్లాండ్‌కు చెందిన కలోసల్ ఆర్డర్ వాళ్లు సిటీస్: స్కైలైన్స్ అనే ఇలాంటి ఆటనే తెచ్చారు. ఎలిమెంటరీ స్కూల్లో 300 మంది, హైస్కూల్లో 1,000 మంది, యూనివర్సిటీలో 4,500 మంది పడతారు. ఇక్కడ మేయర్ల బాధ తలకిందులైంది. పిల్లలు చదవడం లేదన్నది కాదు బాధ, చదివేస్తున్నారన్నది! ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే కాసేపట్లో ఊరంతా డిగ్రీలు. పొలాలు, కలప మిల్లులు, మొదటి మెట్టు ఫ్యాక్టరీలు పనివాళ్లు లేరంటూ గుర్తు పైకెత్తుతాయి. మేయర్ తల పట్టుకుంటాడు. ఇంతమందిని ఎవరు చదవమన్నారు?

తానే. కానీ దానికీ మందుంది. ఆటలో ‘స్కూల్స్ ఔట్’ అనే విధానం ఉంది. ఏదైనా పేటలో దాన్ని ఆన్ చేస్తే అక్కడి జనం చదువుకన్నా పనికి మొగ్గుతారు. ఒక్క క్లిక్కు. శాసనసభలో చర్చ లేదు, ప్రతిపక్షం వాకౌట్ లేదు, ఏ పత్రికలోనూ సంపాదకీయం లేదు. పరిశ్రమల పేటకు ఆనుకున్న ఇళ్లలో ఆన్ చేసి, ఏటి ఒడ్డున ఖరీదైన ఇళ్లున్న పేటలో ఆఫ్ చేసి పెట్టుకోవచ్చు. ఎవరి పిల్లలు ఎంతవరకు చదవాలో పేటను బట్టి నిర్ణయించే పద్ధతిని మన ఊళ్లు వందల ఏళ్లు కష్టపడి నిలబెట్టుకున్నాయి. ఫిన్లాండ్ వాళ్లు దాన్ని ఒక మీటలో పెట్టారు. మరికొందరు మేయర్లకు ఆ క్లిక్కు కూడా దండగ. వాళ్లు పొలాల దగ్గర అసలు బడే కట్టరు. “అక్కడ ఎడ్యుకేషన్ అవసరం లేదు బ్రో” అని నాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు చాలా సహజంగా చెప్పాడు. అతని తాతగారిది పొలమే. ఆ సంగతి నేను ఎత్తలేదు.

పొలం దగ్గర అక్కర్లేని బడి, అపార్టుమెంట్ల దగ్గర అత్యవసరం. బడి పెట్టడానికి బొమ్మ ఎంచుకోగానే చుట్టుపక్కల రోడ్లు పచ్చబడతాయి: మీ బడి ప్రభావం ఇంత దూరం అని. ఆ పచ్చదనంలో ఉన్న ఇళ్లు మెట్టెక్కుతాయి, మేడలు లేస్తాయి, పన్ను పెరుగుతుంది. కాబట్టి మేయర్ బడిని పెట్టేది పిల్లలున్న చోట కాదు, ధర పెరగాల్సిన చోట. ఇందులో హైదరాబాద్ వాళ్లు నేర్చుకోవలసింది ఏమీ లేదు. ‘ఇంటర్నేషనల్ స్కూల్ 5 నిమిషాలు’ అని వెంచర్ల బ్రోచర్ మీద వేసేవాళ్లకు ఇది పాత పాఠమే. ఆ 5 నిమిషాలు ఏ వేళ, ఏ రోడ్డు మీద అన్నది బ్రోచర్లోనూ ఉండదు, ఆటలోనూ ఉండదు.

2019లో ఇదే ఆటకు క్యాంపస్ అనే అనుబంధం వచ్చింది. యూనివర్సిటీకి ఆటల జట్లు పెట్టవచ్చు, కోచ్‌లను నియమించవచ్చు, చీర్‌లీడర్లకు వేరే బడ్జెట్ ఉంది. ప్రాథమిక పాఠశాల టీచర్‌కి విడిగా ఒక స్లైడర్ ఇంతవరకు లేదు. దీని మీద వ్యాఖ్య అనవసరం.

ఇవన్నీ ఎత్తి చూపితే స్లైడర్ మేయర్ ఒకే మాట అంటాడు: “అబ్బా, ఇది ఆటే కదా!” నిజమే, ఒప్పుకుంటాను. కానీ అదే మనిషి మర్నాడు కాలనీ మీటింగ్‌లో లేచి, ప్రభుత్వ బడుల్లో పిల్లలు తక్కువ, ఖర్చు ఎక్కువ, కలిపేస్తే సరిపోతుంది అంటాడు. నేను సిటీ నడిపినవాణ్ణి, నాకు తెలుసు అంటాడు. ఆట అన్నప్పుడు ఆట, అనుభవం అన్నప్పుడు అనుభవం. ఏదో ఒకటి తేల్చుకోవాలి. పాఠశాలల్లోనూ ఈ ఆటలను పాఠంగా పెట్టారు: అమెరికాలో ఫ్యూచర్ సిటీ అనే పోటీలో పిల్లలు ఏళ్ల తరబడి సిమ్‌సిటీలో నగరాలు కట్టారు, 2013లో తరగతి గదుల కోసమే సిమ్‌సిటీఎడ్యూ అనే రూపం వచ్చింది. బడిలో కూర్చున్న పిల్లలు తెర మీద బడికి కోత పెట్టడం నేర్చుకునే వీలున్న ఏకైక పాఠ్యాంశం బహుశా ఇదే.

సిమ్‌సిటీ వంశవృక్షం తెలిస్తే పెద్ద ఆశ్చర్యం ఉండదు. విల్ రైట్‌కి దారి చూపిన పుస్తకాల్లో ఒకటి 1969లో ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్ రాసిన ‘అర్బన్ డైనమిక్స్’. బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్ ఆయనకు తోడు. నగరాన్ని సమీకరణాలుగా రాసి కంప్యూటర్‌లో నడిపి చూస్తే, పేదలకు చవక ఇళ్లు కట్టడం ఊరికి చేటు, ఉన్నవాటిని కూల్చడమే మేలు అని తేలింది. విమర్శకులు వెతికితే ఆ నగరానికి శివార్లే లేవు. ఇళ్లు కూల్చేస్తే పేదలు ఎక్కడికి పోతారో లెక్కించే గడి ఆ లెక్కలో లేదు. లెక్కలో లేనివాళ్లకు కష్టమూ ఉండదు. మన స్లైడర్ మేయర్ ఆ ఇంటి మనవడే.

ఆట రాసేవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు అంకెలతో బొమ్మ చేశారు, బాగానే చేశారు. పైగా స్కైలైన్స్‌లో ప్రతి మనిషికీ పేరుంది. రోడ్డు మీద నడిచే ఎవరి మీద నొక్కినా పేరు, వయసు, ఇల్లు, ఎంతవరకు చదివారు అన్నీ కనిపిస్తాయి. కావాలంటే పేరు మార్చుకోవచ్చు, వెంట తిరగవచ్చు. ఇంత సమాచారం ఉన్న ఆటలో బడి కిటికీ తెరిస్తే మాత్రం తలల లెక్కే.

అందుకే తయారీదారులకు ఒక చిన్న మనవి. రాబోయే ఆటలో స్లైడర్ ఎడమకు జరిపిన ప్రతిసారీ తెర మీద ఒక జాబితా రావాలి: ఈ కోతతో బడి బయట మిగిలేవాళ్ల పేర్లు, వయసు, ఇల్లు. చివరి పేరు దాకా కిందికి జరిపితే తప్ప ‘సరే’ మీట పనిచేయకూడదు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఆ జాబితా రాకుండా చేసే మాడ్‌ని, అంటే ఆటను మార్చే చిన్న ప్రోగ్రామ్‌ని, మేయర్లు ఆట విడుదలైన వారంలోపే తయారుచేస్తారని నాకు తెలుసు. అన్నిటికన్నా ఎక్కువ డౌన్‌లోడ్లు దానికే వస్తాయి.