రక్తదాన శిబిరం పెట్టే దుకాణదారుకు తలకిందుల సలహాలు

మీ దుకాణం తరఫున రక్తదాన శిబిరం పెట్టాలనుకుంటున్నారా? చాలా మంచి పని. అయితే జనాన్ని తక్కువగా పిలవండి. వినడానికి విడ్డూరంగా ఉన్నా, నేను చెప్పబోయే వాటిలో ఇదే ముఖ్యం.

రక్తం నిల్వ ఉండే సరుకు కాదు. 2 నుంచి 6 డిగ్రీల చలిలో దాచినా, అందులో కలిపే ద్రావణాన్ని బట్టి ఎర్రకణాల గడువు 35 రోజులో 42 రోజులో. ప్లేట్‌లెట్లకైతే 5 రోజులే. ఒక్కరోజే మూడొందల మంది ఇస్తే ఆ సంచుల గడువు కూడా ఒక్కసారే ముంచుకొస్తుంది. తలసేమియా ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏడాది పొడుగునా రక్తం ఎక్కించాలి. ఆ తల్లిదండ్రులకు మీ ఒక్కనాటి జాతర వల్ల తీరే కష్టం కొంచెమే. మూడు నాలుగు నెలలకోసారి పాతికమంది చొప్పున వచ్చేలా చూస్తే ఆ పిల్లలకు నిజంగా ఆసరా అవుతుంది. ఎంతమంది కావాలో, ఏ గ్రూపు తక్కువగా ఉందో లైసెన్సున్న బ్లడ్ బ్యాంకునే అడగండి. ఆ లెక్క వాళ్లదే, మీది కాదు.

షాపు వార్షికోత్సవం నాడు వద్దు, నాయకుడి పుట్టినరోజు నాడు అసలే వద్దు. మే నెలలో పెట్టండి. కాలేజీలకు సెలవులు ఇస్తారు, అక్కడ జరిగే శిబిరాలు ఆగిపోతాయి, ఎండకు జడిసి జనం ఇల్లు కదలరు. ఆసుపత్రులకు మాత్రం సెలవు ఉండదు. తెనాలి అయినా సిద్దిపేట అయినా ఆ రోజుల్లో మధ్యాహ్నం బట్టల కొట్లకు గిరాకీ పలచగా ఉంటుంది. ఏసీ ఉన్న ఆ హాలును మూడు గంటలు వదిలిపెట్టండి. రోడ్డు పక్క షామియానాకు పోసే డబ్బు మిగులుతుంది, దాతకు కళ్లు తిరిగే ప్రమాదమూ తగ్గుతుంది. పైగా రక్తం ఖాళీ కడుపుతో ఇవ్వకూడదు కనుక, అన్నం తిని వచ్చేవాళ్లకు ఆ వేళ అనువైనది.

బహుమతులు ఇవ్వకండి. హెల్మెట్టూ వద్దు, చీరల మీద డిస్కౌంట్ కూపనూ వద్దు. ఇది పిసినారితనం కాదు. సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. కానీ ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అప్పుడు రోగిని కాపాడేది దాత చెప్పే నిజమే. వస్తువు మీద ఆశ పెడితే ఆ నిజం దాచే అవకాశం పెరుగుతుంది. డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది కూడా. మజ్జిగ, పండ్లరసం, బిస్కెట్లు, పావుగంట విశ్రాంతి చాలు.

మీ పనివాళ్లను వరుసలో నిలబెట్టొద్దు. యజమాని అడిగితే గుమాస్తా కాదనలేడు. కాదనలేక ఇచ్చింది దానం కాదు. వాళ్లకు ఆ పూట జీతం ఇస్తూ కుర్చీలు, మంచినీళ్లు, పేర్ల నమోదు చూసుకోమనండి. ఎవరైనా తమంతట తాము రక్తం ఇస్తే, మూటలు మోసే పని వాళ్లకు ఆ రోజు చెప్పకండి.

ఫ్లెక్సీ మీద మీ ఫొటో తీసేయండి. ఆ చోట పెద్ద అక్షరాలతో 18 నుంచి 65 ఏళ్లు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 అని రాయించండి. దూరం నుంచి వచ్చి వెనుదిరిగేవాళ్లు తగ్గుతారు. అయినా కొందరు తిరిగిపోక తప్పదు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. నా మాట వినండి, దాతల కంటే ముందు వీళ్లకే కుర్చీ వేయండి. హిమోగ్లోబిన్ తక్కువని అప్పుడే తెలిసిన మనిషిని "మీరు పనికిరారమ్మా" అని పంపేయడం ఘోరం. దగ్గర కూర్చోబెట్టి అదే పండ్లరసం ఇచ్చి, ఆ అంకె కాగితం మీద రాసి, డాక్టరుకు చూపించమని చెప్పండి.

చివరగా, సరే అన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. పండుగ ఆఫర్ల మెసేజ్‌లకు ఆ పుస్తకం తెరవద్దు. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటాక ఒక్కసారి ఫోన్ చేసి, వీలవుతుందా అని అడగండి. కాదంటే బతిమాలకండి.