కాళీమాతకు నూడుల్స్, జోన్స్ దొరకు కోతి మెదడు

1984లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ ప్రపంచానికి మన భోజనం వడ్డించాడు. ఊరు పాంకోట్, ఏ మ్యాపులోనూ లేని సంస్థానం. కాలం 1935. సింహాసనం మీద పసివాడైన మహారాజు, పక్కన దివాను. మొదటి వడ్డన కొండచిలువ. పొట్ట కోస్తే లోపల్నుంచి ప్రాణమున్న పిల్ల పాములు బిలబిలమంటూ విస్తట్లోకి దిగుతాయి. తర్వాత అరచేయంత నల్ల పురుగులు, డొప్ప విరిచి జుర్రుకోవాలి. సూపులో గరిటె తిప్పితే గుడ్లు పైకి తేలతాయి. కోడిగుడ్లు కావు, కనుగుడ్లు. చివర్లో మిఠాయికి బదులు చల్లబరిచిన కోతి మెదడు, తలకాయతో సహా. హీరోయిన్ మూర్ఛపోయింది. హాల్లో పిల్లలు కేరింతలు కొట్టారు.

'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' అనే ఈ కళాఖండం కథ చదివి, మార్పులు చేస్తేనే షూటింగుకి రానిస్తామంది మన ప్రభుత్వం. వాళ్లు శ్రీలంక వెళ్లి తీసుకున్నారు. ఇక్కడ సినిమా కొన్నాళ్లు నిషేధంలో ఉంది. కాళీమాతను నరబలి దేవతగా చూపారని భక్తులకు కోపం, దేశం పరువు తీశారని ప్రభుత్వానికి కోపం. నలభీములు పుట్టిన దేశంలో వంట మేస్త్రీలక్కూడా కోపం రావాల్సింది, గరిటెలు పట్టుకుని రోడ్డెక్కాల్సింది.

దివాను వేషం వేసిన రోషన్ సేఠ్ తర్వాత ఒక వివరణ ఇచ్చాడు. భారతీయులు పురుగులు తింటారని తెల్లవాళ్లు నమ్ముతారు కదా, సరే అదే వడ్డిద్దామని ఆ ఇంటివాళ్లు చేసిన వేళాకోళమట ఆ విందు. జోకు మరీ సున్నితంగా ఉండటంతో జనానికి ఎక్కలేదట! నలభై ఏళ్లు దాటినా ఎక్కలేదంటే అది సున్నితమైన జోకు కాదు, అరగని జోకు.

అసలు సాహస చిత్రాల వాళ్లు ఏం తింటారో కూడా చెప్పుకోవాలి. జోన్స్ మొదటి సినిమా షూటింగు 1980లో ట్యునీషియాలో జరిగినప్పుడు యూనిట్‌లో చాలామందికి కడుపు చెడింది. హారిసన్ ఫోర్డ్ అంతటివాడు విరేచనాలతో నీరసించి, కత్తి తిప్పుతూ వచ్చినవాడితో పేజీలకు పేజీలు పోట్లాడాల్సింది పోయి ఒక్క తూటాతో పని కానిచ్చేశాడు. దర్శకుడు మాత్రం కులాసాగా ఉన్నాడు. వెంట తెచ్చుకున్న డబ్బా ఆహారం తప్ప ఇంకేదీ ముట్టలేదు మరి. పరాయి దేశం వంట వాసన కూడా చూడని మనిషే నాలుగేళ్ల తర్వాత మన రాజుగారి విందుకి మెనూ రాయించాడు.

ఇంతకీ ఆ సినిమాలో విలన్లు కొలిచే దేవత కాళి. ఆమె ఏం తింటుందో తెలుసుకోవాలంటే కలకత్తా వెళ్లాలి, వెళ్తే ఆశ్చర్యపోవాలి. కాళీఘాట్‌లో బలిచ్చిన మేకను ఉల్లీ వెల్లుల్లీ తగలకుండా అల్లం, జీలకర్రతో వండుతారు. ఉల్లిపాయ పడలేదు కనుక ఆ మేకమాంసం అక్కడ నిరామిషం, అంటే శాకాహారం లెక్క! ఈ లెక్క ఏ హాలీవుడ్ రచయితకి తడుతుంది? ఇంకాస్త తూర్పుకి, ఒకప్పుడు తోళ్ల కార్ఖానాలతో నిండిన టాంగ్రాకి పోతే అక్కడ చైనీస్ కాళీ మందిరం ఉంది. హక్కా చైనావాళ్లు కొలిచే గుడి. అమ్మవారికి చైనా అగరొత్తుల పొగ, నైవేద్యం నూడుల్స్, చాప్‌సుయ్. పాంకోట్ పూజారి మనుషుల గుండెకాయలు పెరికి ఇచ్చింది ఈ తల్లికే.

ఇక కలకత్తా వాళ్ల విషయం. వాళ్లు తినేది పురుగూ కాదు, పామూ కాదు. అన్నం, పప్పు, చేప. రేపు? చేప, పప్పు, అన్నం. సాహసం కావాలంటే పొద్దున్నే లేక్ మార్కెట్‌కో గరియాహాట్‌కో వెళ్లాలి. చేపలమ్మే దాదా మన అమ్మమ్మల నాటి కత్తిపీట లాంటిదాన్నే కాలితో తొక్కిపట్టి కూర్చుంటాడు. పెద్దమనిషి ఒకాయన సంచీ చంకలో పెట్టుకుని ఇలిష్ చేప మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు, పొట్ట నొక్కుతాడు. పద్మా నదిదా, డైమండ్ హార్బర్‌దా అని ఆరా తీస్తాడు. కడుపులో గుడ్లున్నాయంటే రుచి తగ్గిందని పెదవి విరుస్తాడు. పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని ప్రశ్నలుండవు. గోదావరి జిల్లాల వాళ్లకిది వింతగా తోచదు. ఆ ఇలిషే వరద నీటికి గోదావరి ఎదురెక్కితే మన పులస, పుస్తెలమ్మైనా తినాలన్నది దాన్నే. అసలు ప్రమాదం దాని ముళ్లలో ఉంది. వెంట్రుకల్లాంటి ముళ్లు, లెక్కలేనన్ని. బెంగాలీ ఆరేళ్ల పిల్ల ఆవపిండి పులుసుతో కలిపి నోట్లో పెట్టుకుని, మాట్లాడుతూనే, ముళ్లన్నీ పెదవి కొసన తోసేస్తుంది. జోన్స్ దొరకి ఆ ఒక్క ముక్క వడ్డిస్తే చాలు, సినిమా ఇంటర్వెల్‌కే శుభం.

ఆ పళ్లెంలో మన చెయ్యి కూడా ఉంది లెండి. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరా టోకు మార్కెట్టుకి చేరతాయి. బెంగాలీ బాబు ఆంధ్రా చేప అని మూతి విరుస్తాడు, సంచీలో వేసుకుంటాడు, శుభ్రంగా తింటాడు.

బిర్యానీ మాటెత్తితే హైదరాబాదీలు నొచ్చుకుంటారు, అయినా తప్పదు. 1856లో రాజ్యం పోగొట్టుకుని వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా కలకత్తా శివారు మటియాబుర్జ్‌లో మకాం పెట్టాడు. ఆయన వెంట బిర్యానీ వచ్చింది. కలకత్తా బిర్యానీలో ఆలుగడ్డ ఉంటుంది, అది లేకపోతే అక్కడ గొడవైపోతుంది. మన చార్మినార్ ప్రాంతపు మనిషి ప్లేటులో ఆ ఆలుగడ్డ కనిపిస్తే, పాంకోట్ హీరోయిన్ పడ్డ పాటే.

అంటే జబ్బు హాలీవుడ్‌దొక్కటే కాదు. "బెంగాల్లో బ్రాహ్మలు కూడా చేపలు తింటార్టండీ" అని గుండె మీద చెయ్యేసుకునే మనవాళ్లు, పెళ్లి బఫేలో గోబీ మంచూరియా కోసం రెండుసార్లు క్యూ కడతారు. మంచూరియా జనం ఎరగని వంటకమది. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో కోడిముక్కలతో మొదలుపెట్టాడు, మనం క్యాలీఫ్లవర్‌తో పూర్తిచేశాం. మన తెలుగు సినిమా కలకత్తాలో అయితే వంటే ఉండదు. పసుపు టాక్సీ, హౌరా బ్రిడ్జి, ఎర్రంచు తెల్లచీరలు, దుర్గ విగ్రహం ముందు ఫైటు. ఆకలేస్తే రసగుల్లా.

కలకత్తా మనిషి సత్యజిత్ రాయ్ పాంకోట్‌కి పదిహేనేళ్ల ముందే 1969లో 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' అనే సాహస కథ తీశాడు. భూతాల రాజు వరమడగమంటే గూపీ, బాఘా ముందుగా అడిగింది చప్పట్లు కొడితే కోరిన భోజనం రావాలని. ఆయన చివరి సినిమా 'ఆగంతుక్'లో, ఆదివాసుల మధ్య ఏళ్లు గడిపి కలకత్తా తిరిగొచ్చిన మేనమామను ఒక లాయరు నరమాంసం గురించి నిలదీస్తాడు. ఎదుటివాడి కంచంలోకి తొంగిచూసేవాడు నాగరికుడిలా ఎంత ముస్తాబైనా చివరికి ఎలా కనిపిస్తాడో ఆ సీను చూస్తే తెలుస్తుంది. నా మట్టుకు కోతి మెదడు తినేవాడికంటే ఆ లాయరే భయంకరుడు.

మన దర్శకులకొక విన్నపం. హౌరా బ్రిడ్జి మీద హీరో చేత వందమందిని కొట్టించండి, అభ్యంతరం లేదు. అంతమందిని కొట్టాక ఆకలేస్తుంది కదా, చౌకగా భోజనం పెట్టే ఒక పైస్ హోటల్లో కూర్చోబెట్టి ఇంత అన్నం, పప్పు, చేపల పులుసు పెట్టించండి. వాటిల్లో కొన్నిచోట్ల అరిటాకుకి వేరే డబ్బులు, నిమ్మచెక్కకి వేరే డబ్బులు. అన్నీ కలిపినా మీ గ్రాఫిక్స్ పాములకయ్యేంత కాదు.